జీరో ఆయిల్ సలాడ్ డబ్బా గారికి

మహారాజశ్రీ సలాడ్ డబ్బా గారికి గచ్చిబౌలి ఆఫీసు ఆరో అంతస్తు నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అందామంటే నాకు కుశలం లేదు.

ఒంటిగంటకి రావాల్సిన తమరు ఇవాళ రెండున్నరకి వేంచేశారు. బయోడైవర్సిటీ దగ్గర ట్రాఫిక్ అట, సరే. చెక్క ఫోర్కు మొదటి క్యారెట్ ముక్కకే విరిగింది, అదీ సరే. రెండు వందల ఎనభై రూపాయల సంగతి ఇంట్లో తెలియదు, ఇక్కడ ఎత్తను.

నా బాధంతా తమరి నెత్తిమీది ఆ పచ్చ స్టిక్కర్‌తోనే. 'జీరో ఆయిల్'! దాన్ని చూసే కదా మూడు నెలలుగా క్యారెట్టూ పాలకూరా నిమ్మచుక్కతో మేస్తున్నాను, కళ్లకి మంచిదని. తీరా ఇవాళ తమరికోసం ఎదురుచూస్తూ ఫోన్‌లో చదివితే తెలిసిందేమిటంటే, క్యారెట్టుకీ పాలకూరకీ కళ్లకి మంచివన్న పేరు తెచ్చిన కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలు నీళ్లలో కరగవు, నూనెలో కరుగుతాయి. కొవ్వు తోడుంటేనే పిత్తరసంతో కలిసి పేగు గోడ దాటుతాయి. 2004లో అమెరికాలో తమరిలాంటి సలాడే పెట్టి చూశారట. కొవ్వు లేని డ్రెస్సింగ్‌తో, అంటే సలాడ్ మీద పోసే రసంతో, తిన్నప్పుడు ఆ కెరోటినాయిడ్లు రక్తంలోకి చేరింది దాదాపు సున్నా. 28 గ్రాముల నూనె ఉన్నదానితో తింటే బాగా చేరింది. పైగా పచ్చి క్యారెట్‌లో ఆ రంగంతా కణాల గోడల వెనక బందీ. తురిమి మగ్గబెడితేనే సరిగ్గా వదులుతుంది. తమరేమో బొటనవేలంత ముక్కలు పంపుతారు.

మరి మూడు నెలల నా బీటా కెరోటిన్, అదే ఆ క్యారెట్ రంగు, ఎటు పోయినట్టు? మూసీలోకి. ఈపాటికి మూసీకి చూపు బాగుపడి ఉంటుంది.

"ఆ పచ్చిమేత ఒంటికి పట్టదురా, కాస్త పోపు పెట్టిస్తాను ఆగు" అని అమ్మ రోజూ గుమ్మం దాకా వచ్చేది. నేను నవ్వి బండి ఎక్కేవాణ్ని. నూనె ఓ చెంచాడు పడినా ఎంతో నయమట. చెంచాడు! ఆవకాయ ముక్క మీద అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అదీ లేదని నెత్తిన స్టిక్కర్ వేసుకుని తిరగడానికి సిగ్గులేదూ నీకు?

ఇంకొకటి. తీపి ఎక్కువని ఏప్రిల్ నుంచి జూన్ దాకా బంగినపల్లి ముట్టలేదు నేను. ఇంట్లో అందరూ టెంకలు చీకుతుంటే పక్కగదిలో కూర్చున్నాను. పచ్చి క్యారెట్ కంటే మామిడిపండులోని కెరోటినే తేలిగ్గా ఒంటికి పడుతుందని ఇప్పుడా తెలియడం! ఆ సీజను తెచ్చివ్వగలవా నువ్వు?

నీ మూత మాత్రం గట్టిది, ఒప్పుకుంటాను. కడిగి బ్యాగులో పెట్టుకున్నాను. రేపు అందులో అమ్మ చేసే తోటకూర వేపుడు వస్తుంది. స్టిక్కర్ పీకలేదు. దాని మీద కాస్త నూనె కారితే ఏమీ అనుకోకు.