సవరణ: మనీ ప్లాంట్‌కి ఒట్టి ఆకు చాలదు, కణుపు ఉండాలి

పోయిన వారం మనీ ప్లాంట్ గురించి రాస్తూ, ఒక్క ఆకు తుంచి నీళ్లలో వేసినా కొత్త మొక్క వస్తుందన్నాను. అది తప్పు. నా మాట నమ్మి ఆకులు తుంచినవాళ్లు మన్నించాలి.

కాడతో సహా తుంచిన ఆకుకి ఒక్కోసారి వేర్లు వస్తాయి, నెలల తరబడి పచ్చగానూ ఉంటుంది. కానీ చిగురు వేయదు. చిగురు పుట్టే మొగ్గ ఉండేది కణుపులోనే. తీగని చేతిలోకి తీసుకుని చూడండి: ఆకుకాడ తీగని కలిసేచోట ఉంగరంలా సన్నటి గీత, దాని పక్కనే గోధుమరంగు బుడిపె ఉంటాయి. అదే కణుపు. తీగముక్కకి వేరు దిగేది ఆ బుడిపె నుంచే. కణుపుకి అర అంగుళమో అంగుళమో కింద కోసి, కణుపు మునిగేలా, ఆకు మునగకుండా సీసాలో పెట్టండి. నీళ్లలో మునిగిన ఆకు కుళ్లిపోతుంది.

మా వంటింటి కిటికీలో ఇప్పుడు రెండు సీసాలున్నాయి: ఒకదాంట్లో ఒట్టి ఆకు, ఇంకోదాంట్లో కణుపున్న ముక్క. రెండింట్లోనూ తెల్లటి వేర్లు కనిపిస్తున్నాయి. చుట్టలా చుట్టుకున్న లేతాకు తొంగిచూస్తున్నది మాత్రం కణుపున్న ముక్కకే.

నీళ్లు నెలకోసారి మారిస్తే చాలని పోయిన వారం నేనన్నదీ సరికాదు, వారానికోసారి మార్చాలి. కుండీలో పెంచాలనుకుంటే వేర్లు 2, 3 అంగుళాలు కాగానే మట్టిలోకి మార్చేయండి. ఎక్కువకాలం నీళ్లలో పెరిగిన వేర్లు మట్టికి అలవాటు పడటం కష్టం.

ఇంకొకటి, అప్పుడే రాయాల్సింది: ఈ ఆకుల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. నమిలితే నోరు మండి వాస్తుంది. పాకే పిల్లలు, పిల్లులు, కుక్కలు ఉన్న ఇంట్లో తీగని అందనంత ఎత్తులో వేలాడదీయండి.