పోసిన ఆయిల్ తీయాలా, వదిలేయాలా?

మా ఆయనకి 1983 మోడల్ పోర్షె 911 ఎస్‌సీ ఉంది. డాలస్‌లో మా గరాజ్‌లోనే ఉంటుంది, ఆదివారం తప్ప రోడ్డెక్కదు. మొన్న జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే గీతల కడ్డీ) తీసి చూస్తే దానికి చుక్క ఆయిల్ కూడా అంటలేదు. క్వార్ట్ డబ్బాలు రెండు, అంటే రెండు లీటర్లకి కాస్త తక్కువ, పోసేశారు. ముప్పావుగంట తిరిగొచ్చేసరికి వెనకాల నీలం పొగ. ఇంజన్ మూత ఎత్తితే ఎయిర్ ఫిల్టర్ డబ్బా అంచు వెంట ఆయిల్ కారుతోంది. మెకానికల్ చదివిన మా తమ్ముడు ఆ వారం మా ఇంట్లోనే ఉన్నాడు. బావా బావమరుదుల మధ్య జరిగిన వాదన ఇది. నేను గరాజ్ మెట్ల మీద కూర్చుని విన్నాను. ఒక్కచోట నేనూ కల్పించుకున్నాను.

తమ్ముడు: బావా, ఇంక ఇంజన్ ముట్టుకోకండి. ఎక్కువైంది తీసేశాకే స్టార్ట్ చేద్దాం.

ఆయన: నువ్వు మామూలు కారు లెక్కన మాట్లాడుతున్నావు. మామూలు కార్లో ఆయిలంతా ఇంజన్ కిందే సంపులో ఉంటుంది. ఎక్కువైతే క్రాంక్‌షాఫ్ట్, అదే పిస్టన్లు తిప్పే ఇరుసు, దాన్ని కవ్వంలా చిలుకుతుంది, నురగ లేస్తుంది, నురగ పట్టిన ఆయిల్ బేరింగుల్ని కాపాడలేదు. ఒప్పుకుంటాను. కానీ ఇది డ్రై సంప్. కిందకి జారిన ఆయిల్‌ని ఒక పంపు ఎప్పటికప్పుడు తోడి, కుడివైపు వెనక చక్రం దగ్గరున్న ట్యాంకులో పోస్తుంది. ఇంకో పంపు అక్కణ్ణించి తీసుకుని ఇంజన్‌కి ఇస్తుంది. నేను ఎక్కువ పోసిందంతా ట్యాంకులో ఉంది, క్రాంక్‌కి తగిలే చోట లేదు.

తమ్ముడు: ట్యాంకు నిండాక ఎటు పోతుంది మరి? దాని ఊపిరి గొట్టం ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకే కదా.

ఆయన: పోతుంది, కాలిపోతుంది. ఈ ఇంజన్లు ఎలాగూ కొంత ఆయిల్ తాగుతాయి. నాలుగు ఆదివారాలు నెమ్మదిగా తిప్పితే మట్టం దానంతటదే దిగుతుంది. ట్యాంకు ప్లగ్గు విప్పి, గరాజంతా ఆయిల్ చేసి, మళ్లీ బిగించేటప్పుడు మరలు పాడుచేసుకోవడం దేనికి?

తమ్ముడు: అంతా కాలిపోతే ఫిల్టర్ డబ్బా కింద ఈ మడుగెక్కడిది? ఫిల్టర్ కాగితం ఆయిల్ పీల్చుకుంటే గాలి ఆడదు. దీంట్లో పెట్రోలు అందించేది కె-జెట్రానిక్ అనే పాత పద్ధతి. లోపలికొచ్చే గాలి ఒక పళ్లేన్ని ఎంత కదిపితే అంత పెట్రోలు వెళ్తుంది. గాలి దారి జిడ్డుబారితే ఆ లెక్క తప్పుతుంది. పైగా ఆయిల్ ఆవిరి సిలిండర్లలోకి చేరితే నాకింగ్‌కి, అంటే పెట్రోలు అదుపు తప్పి పేలడానికి, తావిచ్చినట్టే. నలభై ఏళ్లు దాటిన ఇంజన్ బావా ఇది.

(ఇక్కడ నేను లేచాను. ఆ పొద్దున పక్కసీట్లో కూర్చున్నది నేనే. హీటర్ వేసిన రెండు నిమిషాలకే మాడిన ఆయిల్ వాసన కొట్టింది, కళ్లు మండాయి. ఈ కారు గాలితో చల్లబడే రకం, కాబట్టి హీటర్‌కి వేడినీళ్లు లేవు. ఇంజన్ ఫ్యాన్ తోసే గాలే ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ తిరిగి వేడెక్కి మన కాళ్ల దగ్గరికొస్తుంది. ఇంజన్ దగ్గర ఏది మాడినా దాని పొగ కూడా ఆ గాలితోనే వస్తుంది. "నాలుగు ఆదివారాలు ఆ పొగ నేను పీల్చను" అన్నాను.)

ఆయన: వాసనొచ్చిందని అప్పుడే చెప్పాల్సింది. సరే, తీద్దాం. ఎంత తీస్తావు?

తమ్ముడు: మీరు పోసినంత. రెండు క్వార్ట్‌లు.

ఆయన: అదీ తప్పే. ఫిల్టర్ డబ్బాలోకి ఎంత పోయింది? పొగలో ఎంత పోయింది? పోయకముందు ఎంతుందో నీకు తెలుసా, నాకు తెలుసా? కొలవకుండా పోసి నేను తప్పు చేశాను. కొలవకుండా తీసి నువ్వు చేస్తావు. ఎక్కువైతే పొగొస్తుంది, తక్కువైతే ఇంజనే పోతుంది.

తమ్ముడు: అసలు పొద్దున ఎలా చూశారు? ఇంజన్ ఆపి, చల్లగా ఉన్నప్పుడా?

ఆయన: ఎప్పుడూ చూసేదలాగే. కాకినాడలో మామయ్యగారు అంబాసిడర్ బానెట్ ఎత్తి, పాత పంచె ముక్కతో స్టిక్ తుడిచి, మళ్లీ దించి చూపించేవారు. స్టార్ట్ చేయకముందే చూడాలి, అప్పుడే ఆయిలంతా కిందకి దిగి ఉంటుంది అనేవారు.

తమ్ముడు: నాన్న చెప్పింది అంబాసిడర్‌కి సరైన మాటే. దీనికి అందుకు పూర్తిగా తిరగబడ్డ పద్ధతి, ఇంజన్ వేడెక్కి తిరుగుతుండగా చూడాలి. వారం రోజులు కదలకుండా ఉంటే ట్యాంకులో ఆయిల్ మెల్లగా ఇంజన్‌లోకి జారిపోతుంది. డిప్‌స్టిక్ ఉన్నది ట్యాంకులో. అది ఖాళీగా కనిపిస్తుంది, ఆయిల్ మాత్రం ఎక్కడికీ పోలేదు. స్టార్ట్ చేయగానే పంపు అదంతా తోడి ట్యాంకులో పోస్తుంది, దానిమీద మీ రెండు క్వార్ట్‌లు.

ఆయన: డాష్‌బోర్డులో మట్టం చూపించే ముల్లు కూడా అడుగునే ఉంది మరి.

తమ్ముడు: ఆ ముల్లు కూడా ఐడ్లింగ్‌లో, అంటే కారు నిలబడి ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, ఆయిల్ బాగా వేడెక్కాక, చదునైన నేల మీదే నిజం చెబుతుంది. రోడ్డు మీద వేగం పెంచితే పడిపోతుంది. అది చూసి హడలిపోయి మళ్లీ పోసేవాళ్లున్నారు. వేడి సంగతీ చిన్నది కాదు. పది లీటర్ల ఆయిల్ 20 డిగ్రీల నుంచి 90కి వేడెక్కితే దాదాపు అరలీటరు ఉబ్బుతుంది. ఆయిల్‌ని చల్లబరిచే ముందువైపు కూలర్‌లోకి ఆయిల్ తిరగాలన్నా థర్మోస్టాట్ అనే కవాటం తెరుచుకోవాలి, అదీ వేడెక్కాకే.

ఆయన: అయితే ఇందాక స్టార్ట్ చేయొద్దన్నావు. స్టార్ట్ చేయకుండా కొలిచేదెలా?

(తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. ఈ ప్రశ్న దగ్గర మా ఆయనదే న్యాయం అనిపించింది నాకు.)

తమ్ముడు: నిజమే. ముందు ఫిల్టర్ డబ్బా విప్పి ఆయిలంతా గుడ్డలతో అద్దేద్దాం, కొత్త ఫిల్టర్ వేద్దాం. గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి, అప్పుడు స్టార్ట్ చేసి కొలుద్దాం. తీయడం మాత్రం ప్లగ్గు విప్పే.

ఆయన: ప్లగ్గు వద్దు. అంత వేడి ఆయిల్ చేతిమీద పడుతుంది, ధార మొదలయ్యాక అరలీటరు దగ్గర ఎలా ఆపుతావు? ఆయిల్ పోసే మూతిలోంచి సన్నగొట్టం దించి చేతిపంపుతో లాగుదాం. అరలీటరు తీయడం, స్టార్ట్ చేసి చూడటం. ఇంకా ఎక్కువుంటే మళ్లీ అరలీటరు.

తమ్ముడు: ఆ మూతి లోపలుండటమే నయం. 1972 మోడల్‌కి ఆయిల్ మూత బయటే, కుడి తలుపు వెనకాల పెట్టారు. బంకుల్లో అది పెట్రోలు మూత అనుకుని పెట్రోలు పోశారని చెబుతారు. 1973కల్లా మళ్లీ పాత చోటికే మార్చారు.

ఆయన: స్టిక్ మీద పైగీత దాకా ఉంచుదాం.

తమ్ముడు: పైగీత దాకా దేనికి? రెండు గీతల నడుమ ఉంటే ఇంజన్‌కి ఏ లోటూ లేదు, మలుపుల్లో ఆయిల్ ఎగిసినా ఊపిరి గొట్టం దాకా రాదు.

ఆయన: నడుమంటే నాకు మనసొప్పదు. ముప్పాతిక దగ్గర ఆపు.

సాయంత్రం దాకా అదే పని. గొట్టం దించడం, లాగడం, స్టార్ట్ చేయడం, గుడ్డతో తుడిచి స్టిక్ వెలుతురుకి పట్టి చూడటం. మూడోసారి తీసింది పావు లీటరే. స్టిక్ మీద తడి పైగీతకి కాస్త కిందకొచ్చి నిలబడింది. వెనకాల పొగ పూర్తిగా ఆగలేదు గానీ పలచబడింది. తీసిందంతా కొలత సీసాలో పోసి చూశాం. లీటరుంబావు. రెండు క్వార్ట్‌లూ తోడేసి ఉంటే ఇంకో అరలీటరు పైన పోయేది. ఆ తేడా అంతా మూలనున్న గుడ్డల కుప్పలోకి, పొద్దుటి పొగలోకి వెళ్లింది.