రెండు సగటుల మధ్య తేడా నిజమా, కాకతాళీయమా?

ఖరీఫ్ మొదలయ్యే ముందు విత్తనాల దుకాణాల దగ్గర ఒక మాట తరచుగా వినిపిస్తుంది. ఫలానా రకం వేసిన పొలాల్లో ఎకరానికి నాలుగు బస్తాలు ఎక్కువ పండాయని. ఆ లెక్క అబద్ధం కాకపోవచ్చు. అయితే కాలువ మొదట్లో ఉన్న పొలానికీ, నీళ్లు అందీ అందని శివారు పొలానికీ మధ్య ఆ మాత్రం తేడా విత్తనంతో పని లేకుండానే రావచ్చు. ఒకే రైతు ఒకే విత్తనాన్ని పక్కపక్క మడుల్లో చల్లినా దిగుబడి సరిసమానంగా రాదు. కాబట్టి ఎంత తేడా వచ్చిందని మాత్రమే అడిగితే చాలదు. రెండు రకాలూ నిజానికి ఒకేలాంటివైతే, ఇంత తేడా ఊరికే వచ్చే అవకాశం ఎంత అని కూడా అడగాలి. గణాంక శాస్త్రంలో పరికల్పన పరీక్షలన్నీ ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పడానికి పుట్టినవే.

మన చర్చల్లో ఈ ప్రశ్న దాదాపుగా వినబడదు. వినబడినప్పుడు కూడా 'పి విలువ 0.05 కంటే తక్కువ వచ్చింది, ఇక సందేహం లేదు' అనే దగ్గర ఆగిపోతోంది. తేడా ఊరికే వచ్చే ఆ అవకాశాన్నే పి విలువ అంటారు. నా అభిప్రాయంలో అసలు విషయం అంతకు ముందే ఉంది. శాంపిళ్లు ఎలా తీసుకున్నారు, దేన్ని దేనితో పోల్చారు అన్న చోటే ఆ పోలికకు విలువ ఉందో లేదో తేలిపోతుంది. ఏ పరీక్ష వాడాలన్నది కూడా అక్కడి నుంచే వస్తుంది.

ఇందుకు నాకు తెలిసిన అత్యుత్తమ ఉదాహరణ 1905లో అచ్చయిన ఒక చిన్న ప్రయోగం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కలమజూ మానసిక వైద్యశాలలో రోగులకు నిద్రమందులు ఇచ్చి, మామూలు కంటే ఎన్ని గంటలు ఎక్కువ నిద్రపోయారో రాసుకున్నారు. అందులో పదిమంది లెక్కలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయి. మొదటి మందుతో ఆ పదిమందికి సగటున 0.75 గంటలు, రెండో మందుతో 2.33 గంటలు అదనపు నిద్ర పట్టింది. అంటే తేడా 1.58 గంటలు, గంటన్నర పైమాటే.

ఈ రెండు వరుసల అంకెల్నీ వేర్వేరు రోగుల నుంచి వచ్చినవిగా భావించి, రెండు విడి శాంపిళ్లకు వాడే టి-టెస్ట్ చేస్తే పి విలువ 0.079 వస్తుంది. 0.05 గీత కిందికి రాలేదు కాబట్టి రెండో మందు మెరుగని చెప్పలేం. కానీ ఆ పదిమందీ రెండు మందులూ తీసుకున్నవాళ్లే. ప్రతి మనిషినీ తనతో తననే పోల్చవచ్చు. అలా జతలుగా తీసుకుని పరీక్షిస్తే పి విలువ 0.003 కంటే తక్కువ. అవే 20 అంకెలు, అదే గంటన్నర తేడా, తీర్పు మాత్రం పూర్తిగా వేరు.

కారణం ఆ అంకెల్లోనే కనిపిస్తుంది. ఒక రోగికి మొదటి మందుతో 3.7 గంటలు ఎక్కువ నిద్రపడితే, ఇంకొకరికి ఉన్న నిద్ర కూడా 1.6 గంటలు తగ్గింది. మనిషికీ మనిషికీ మధ్య ఇంత తేడా ఉన్నప్పుడు మందుకీ మందుకీ ఉన్న తేడా ఆ గందరగోళంలో కలిసిపోతుంది. జతలుగా పోల్చినప్పుడు 3.7 వచ్చిన మనిషికి రెండో మందుతో 5.5, మైనస్ 1.6 వచ్చిన మనిషికి ప్లస్ 0.8. మొత్తం పదిమందిలో తొమ్మిదిమందికి రెండో మందుతోనే ఎక్కువ నిద్ర. ఒక్కరికి మాత్రం రెండింటితోనూ సమానం. గంటలన్నీ పక్కన పెట్టి ఎవరికి ఏ మందు మెరుగని మాత్రమే చూసినా సరిపోతుంది. మందుల మధ్య తేడా లేకపోతే తొమ్మిదికి తొమ్మిదీ ఒకే వైపు మొగ్గే అవకాశం 512లో ఒకటి. ఏ వైపైనా సరే అనుకుంటే 256లో ఒకటి. సైన్ టెస్ట్ (ప్లస్సా, మైనస్సా అన్న గుర్తును మాత్రమే చూసే పరీక్ష) అంటే ఇంతే. దీనికి క్యాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

ఈ పదిమంది లెక్కను ప్రసిద్ధం చేసింది విలియం సీలీ గాసెట్. ఆక్స్‌ఫర్డ్‌లో రసాయన శాస్త్రం చదివి 1899లో డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీలో చేరిన ఆయనకు రోజూ ఎదురైన సమస్య చిన్న శాంపిల్. బార్లీ రకాలను పోల్చాలంటే నాలుగైదు పొలాల ఫలితాలే చేతికొచ్చేవి. అప్పటి సూత్రాలేమో వందల కొద్దీ కొలతలుంటేనే సరిగా పనిచేసేవి. కొలతల్లోని హెచ్చుతగ్గుల్ని కొద్ది కొలతలతోనే లెక్కగడితే ఆ లెక్కను పూర్తిగా నమ్మలేమన్న సంగతిని సూత్రంలోకి ఎలా తేవాలన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. జవాబును సరిచూసుకోవడానికి 3000 మంది ఖైదీల ఎత్తు, ఎడమ చేతి మధ్య వేలి పొడవు కొలతలు తీసుకున్నారు. వాటిని అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 శాంపిళ్లు చేశారు. ఇవాళ కంప్యూటర్‌లో క్షణంలో అయ్యే పని అది. ఆయన చేత్తో చేశారు. టి-టెస్ట్‌కు పునాది వేసిన ఆ వ్యాసం 1908లో వచ్చింది. ఉద్యోగులు సొంత పేరుతో ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకునేది కాదు కాబట్టి 'స్టూడెంట్' అనే మారుపేరు పెట్టుకున్నారు. నిద్రమందుల లెక్కలో రెండో మందే మెరుగనడానికి 666కి 1 చొప్పున అవకాశం ఉందని అందులోనే రాశారు.

జతల మీద గాసెట్‌కున్న పట్టుదల పొలంలోనూ సాగింది. రెండు బార్లీ రకాలను వేర్వేరు పొలాల్లో కాకుండా ఒకే పొలంలో సన్నని పట్టీలుగా పక్కపక్కన వేసి పోల్చాలనేవారు. నేల సారం, నీళ్లు, వాన ఆ రెండు పట్టీలకూ దాదాపు ఒకటే కాబట్టి మిగిలేది రకాల మధ్య తేడా. రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పనిచేసిన రోనాల్డ్ ఫిషర్ మాత్రం ఏ మడిలో ఏ రకం వేయాలో చీటీలు తీసి నిర్ణయించాలని పట్టుబట్టారు. ఈ విషయంలో ఇద్దరూ చివరిదాకా విభేదించారు. మన రైతుకు మాత్రం ఇద్దరి మాటా పనికొస్తుంది. కొత్త విత్తనం బాగుందని ఎవరైనా అంటే, అదే పొలంలో పాత విత్తనం కూడా వేసి చూశారా, ఏ మడిలో ఏది వేయాలో ఎవరు నిర్ణయించారు అని అడగాలి. మంచి మడి చూసి కొత్త విత్తనానికి ఇచ్చి ఉంటే ఆ తర్వాత ఎంత గొప్ప పరీక్ష చేసినా లాభం లేదు.

శాంపిళ్లు నిజంగా విడివిడివైతే దారి వేరు. రెండు గుంపుల్లో హెచ్చుతగ్గులు ఒకే స్థాయిలో లేనప్పుడు 1947లో వెల్చ్ ప్రతిపాదించిన టి-టెస్ట్ వాడాలి. ఆదాయాల్లాగా కొద్దిమంది దగ్గర విపరీతంగా ఉండే కొలతలైతే సగటు మీద ఆధారపడటమే పొరపాటు కావచ్చు. అప్పుడు విలువల్ని వదిలి ర్యాంకులతో పోల్చే విల్కాక్సన్, మాన్-విట్నీ పరీక్షలున్నాయి. మూడు నాలుగు గుంపులుంటే రెండేసి చొప్పున టి-టెస్టులు చేసుకుంటూ పోకుండా అన్ని గుంపుల సగటుల్నీ ఒకేసారి పోల్చే, ఫిషర్ రూపొందించిన అనోవా ఉంది. ఒక్కో మనిషి మీదా ఒకటి కాక అనేక కొలతలున్నప్పుడు ఏం చేయాలన్నదాని మీద గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్, ఆయన దగ్గర పనిచేసిన సి.ఆర్. రావు చేసిన కృషిని ప్రపంచమంతా వాడుతోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన తెలుగువాడు రావు కేంబ్రిడ్జ్‌లో సూడాన్ తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతల మీద పనిచేస్తూ, ఫిషర్ పర్యవేక్షణలో డాక్టరేట్ పొందారు. 2023లో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అలాంటి మనిషిని కన్న సమాజంలో పోలిక అంటే ఇంకా రెండు శాతాలు పక్కపక్కన అచ్చువేయడమే కావడం నాకు బాధ కలిగిస్తుంది.

పోల్చేది కొలతల్ని కాక మనుషుల సంఖ్యనైతే లెక్క ఇంకా తేలిక. హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్ మూడో దశ పరీక్షలో దాదాపు 25,800 మందిని చీటీ వేసినట్టుగా రెండు గుంపులు చేశారు. ఎవరికి టీకా పడిందో, ఎవరికి ఉత్తి సూది పడిందో వాళ్లకీ తెలియదు, సూది వేసినవాళ్లకీ తెలియదు. లక్షణాలతో కోవిడ్ వచ్చినవాళ్లు మొత్తం 130 మంది. టీకా గుంపులో 24, రెండో గుంపులో 106. గుంపులు ఇంచుమించు సమానం కాబట్టి టీకా పనిచేయకపోతే అటు 65, ఇటు 65 ఉండాలి. కాకతాళీయంగా ఓ పదీ పన్నెండు అటూ ఇటూ కావచ్చు. 24కు దిగడం మాత్రం కాకతాళీయంగా జరిగే పని కాదు. 77.8 శాతం సామర్థ్యం అన్న అంకె ఇక్కడి నుంచే వచ్చింది. ఈ ఫలితం నిలబడేదే. అందుకే, ఈ అంకెలు రాకముందే 2021 జనవరిలో అనుమతి ఇచ్చేయడం సరికాదని నా అభిప్రాయం. పోల్చి చూపగల సత్తా ఉన్న టీకాను అనవసరంగా అనుమానాల పాలు చేశారు.

అదే ఏడాది మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కోవిడ్‌కు ఇచ్చిన నాటు మందు కోసం వేలమంది బారులు తీరారు. వేసుకున్నవాళ్లకు తగ్గిందన్నదే అక్కడ ఆధారం. కోవిడ్ సోకినవాళ్లలో అత్యధికులకు ఏ మందూ లేకుండానే తగ్గుతుంది. వేసుకోనివాళ్లు ఎంతమంది, వాళ్లలో ఎంతమందికి తగ్గింది అన్న రెండో వరుస అంకెలు లేనప్పుడు పరీక్ష చేయడానికి అక్కడ ఏమీ లేదు. ప్రాణభయంతో నిలబడ్డ జనాన్ని తప్పుపట్టలేం. ఆ రెండో వరుస ఏదని గట్టిగా అడగాల్సింది పత్రికలూ, టీవీలూ, ప్రభుత్వమూ.

ఇప్పుడు పి విలువ సంగతి. పి విలువ 0.03 వచ్చిందంటే మందు పనిచేసే అవకాశం 97 శాతం అని చాలామంది అనుకుంటారు. కాదు. నిజంగా తేడా ఏమీ లేకపోయినా ఇంత తేడా గానీ, ఇంతకంటే ఎక్కువ గానీ కనిపించే అవకాశం 3 శాతం అని మాత్రమే దానర్థం. 0.05 అన్న గీత ప్రకృతి గీసింది కాదు. 1925 నాటి తన పుస్తకంలో ఫిషర్ సౌలభ్యం కోసం ఎంచుకున్న హద్దు అది. పైగా నిజంగా ఏ తేడాలూ లేని చోట 20 రకాల పోలికలు చేస్తే, కనీసం ఒకటైనా ఆ గీత కిందికి వచ్చే అవకాశం 64 శాతం. ఎన్ని పోలికలు చేశారో చెప్పకుండా గెలిచిన ఒక్కదాన్ని మాత్రం చూపించడం చదువరిని మోసగించడమే. ఆ పని తెలియక చేసినా ఫలితంలో మార్పుండదు.

గీత కిందికి రాకపోతే తేడా లేనట్టా? అదీ కాదు. కోవిడ్ మందుల్ని పరీక్షించడానికి బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చిన 2104 మంది ఆసుపత్రి రోగుల్లో 28 రోజుల్లోపు 22.9 శాతం మంది చనిపోయారు. మామూలు వైద్యం అందిన 4321 మందిలో 25.7 శాతం. తేడా 2.8 శాతం. ఇంతమంది ఉన్నారు కాబట్టే అది నిజమైన తేడా అని తేలింది. ఇవే శాతాలు 200 మందిలో, 400 మందిలో వచ్చి ఉంటే ఏ పరీక్షా తేల్చలేకపోయేది. ప్రాణాలు కాపాడే చౌక మందు ఒకటి 'సిగ్నిఫికెంట్ కాదు' అన్న ముద్రతో పక్కకు వెళ్లిపోయేది.

అదే ట్రయల్‌లో రోగులను విడదీసి చూసిన పట్టిక మరీ ముఖ్యం. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3కు పడిపోయాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో మాత్రం స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో 17.8 శాతం, ఇవ్వనివాళ్లలో 14 శాతం మరణాలు. ఈ చివరి తేడా కాకతాళీయం కావచ్చు, నష్టం జరిగిందని పరీక్ష రుజువు చేయలేదు. కానీ లాభం ఉందనడానికి అక్కడ ఒక్క ఆధారం కూడా లేదు. ఈ సంగతి 2020 జూన్‌లో ఫలితాలు ప్రకటించిన రోజే చెప్పారు. ఏడాది తర్వాత, రెండో వేవ్‌లో, మన ఊళ్లలో ఆక్సిజన్ 97, 98 ఉన్నవాళ్లు కూడా వాట్సాప్‌లో వచ్చిన చీటీ పట్టుకుని మందుల షాపులో స్టెరాయిడ్లు కొనుక్కుని ఇంట్లోనే వాడారు. షుగర్ ఉన్నవాళ్లకు అది ఇంకా పెరిగిపోయింది. బ్లాక్ ఫంగస్ వార్డులు నిండినప్పుడు విచ్చలవిడి స్టెరాయిడ్ వాడకం కూడా ఒక కారణమని డాక్టర్లు చెప్పారు. 'స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతుంది' అన్న ముక్క తెలుగులో ఇంటింటికీ చేరింది. ఎవరి ప్రాణాలో చెప్పే ఆ పట్టికలో, ఆక్సిజన్ అవసరం లేనివాళ్ల వరుస చేరలేదు.