మేక మీద చార్జిషీటు

గుంటూరు శివార్లలో మా వెంచర్ వెనక ఓ బీడు ఉంది. అక్కడ పశువులు మేయడం వల్ల ప్రకృతి నాశనమవుతోందని మా అసోసియేషన్ ఏకగ్రీవంగా తేల్చింది. ఏసీ గదిలో కూర్చుని తేల్చిన విషయం కాబట్టి అనుమానించనక్కర్లేదు. ఆ ప్రకృతిని చదును చేయించి ప్లాట్లు కొన్నది మనమే కదా అని ఒకాయన గొణిగాడు గానీ, అది ఎజెండాలో లేదు.

వెంటనే కంచె వేశాం. ‘జీవవైవిధ్య రక్షిత ప్రాంతం, పశువులకు ప్రవేశం లేదు’ అని బోర్డు కూడా పెట్టాం. నాలుగు మేకలు, రెండు ఆవులతో అవతల నిలబడిపోయిన కాపరి అడిగాడు: “పేడ లేకపోతే పేడపురుగు ఎట్టా బతుకుద్దండయ్యా?”

ఆ పురుగును మొన్న నేనూ చూశాను. తలకిందులుగా నిలబడి, వెనక కాళ్లతో రేగుపండంత ఉండను నెట్టుకుపోతోంది. గులకరాయి అడ్డొస్తే ఉండతో సహా దొర్లిపడింది. లేచి మళ్లీ మొదలెట్టింది. పేడను నేలలో పూడ్చి ఎరువు చేసే ఈ ఉద్యోగికి జీతం లేదు, డీఏ లేదు. ఆస్ట్రేలియా వాళ్లకు ఆవుపేడ ఎత్తే పురుగులు చాలక, ఈగల బాధ పడలేక, 1960ల చివర్లో పరాయి దేశాల పురుగుల్ని తెచ్చి వదిలారు. మనకు ఊరికే దొరికాయి.

మేక శుద్ధపూస అని నేననను. వంద జీవాలు నెలల తరబడి ఒకేచోట తిష్ట వేస్తే నేలకు గుండు కొట్టించినట్టే. మిడతకు తిండీ పోతుంది, దాక్కునే చోటూ పోతుంది. పశువు ముట్టని పిచ్చిమొక్కే మిగులుతుంది. గొల్లభామ పోయి వయ్యారిభామ వస్తుంది.

అలాగని తాళం వేస్తే? ఇంగ్లండులో పెద్ద నీలి సీతాకోకచిలుక కోసం కంచె వేసిన చోటా అది దక్కలేదు. దాని గొంగళిని పెంచేది ఒక రకం చీమ. పొట్టి గడ్డి కింద వెచ్చటి నేల ఉంటేనే ఆ చీమ ఉంటుంది. మేత ఆగింది, గడ్డి పెరిగింది, నేల చల్లబడింది, చీమ పోయింది. 1979కి సీతాకోకచిలుకా పోయింది. తర్వాత స్వీడన్ నుంచి తెచ్చుకుని, పశువుల్ని మళ్లీ మేపుకున్నారు. ఇదంతా మీటింగులో చెబితే “అది ఇంగ్లండు సార్, ఇది గుంటూరు” అన్నారు. కాదనలేకపోయాను.

ఈ ఏడు గడ్డి నడుముదాకా వచ్చింది. పాములొస్తాయని అందరికీ టెన్షన్. గడ్డి కోయించడానికి కొటేషన్లు పిలిచాం. అన్నిటికన్నా తక్కువ కాపరిది: “డబ్బులొద్దయ్యా, పొద్దున రెండు గంటలు గేటు తీయండి. నాలుగు రోజులు మేపి, పది రోజులు ఇంకో పక్కకు తోలుకుపోతా.”

జీఎస్టీ నంబరు లేదని తిరస్కరించాం.