సవరణ: రెండు 7.62లూ ఒకటి కావు

ఏకే-47, పాత ఎస్ఎల్ఆర్ (మన సైన్యం ఒకప్పుడు వాడిన రైఫిల్) రెండింటిదీ 7.62 తూటాయే కాబట్టి గేముల్లో డ్యామేజీ సమానంగా ఉండాలని ఆదివారం పోస్టులో రాశాను. తప్పు. మారతహళ్లిలో మా రూమ్మేట్ వాళ్ల బాబాయి, మాజీ సైనికుడు, చదివి నవ్వేశారు. 7.62 అనేది సుమారుగా తూటా లావు, మిల్లీమీటర్లలో. అసలు తేడా దాని వెనక మందు నింపే కేసులో ఉంది: ఏకేది 39 మి.మీ. పొడవు, ఎస్ఎల్ఆర్‌ది 51. ఏకే తూటా సెకనుకు సుమారు 715 మీటర్ల వేగంతో బయల్దేరితే రెండోది 800 దాటుతుంది, బరువూ ఎక్కువే. శక్తి ఒకటిన్నర రెట్ల పైనే.

గేముల్లో ఛాతీలో నాలుగు తూటాలు దిగాక బ్యాండేజీ చుట్టుకుని పరిగెత్తడం కామెడీ అని అదే పోస్టులో అన్నానే, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఆ బాబాయి ఇంకోటీ అన్నారు: "ఎక్కువసార్లు కాల్చేది చంపడానికి కాదురా, అవతలివాడు తలెత్తకుండా." గేములో మా స్క్వాడ్‌లో ఆ పని ఒక్కడూ చెయ్యడు. అందరికీ కిల్సే కావాలి, నాతో సహా.