ఇంటి నుంచి పని: వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి పని కోసం ఊరు విడిచి వెళ్లడం కొత్త కాదు. మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా, తాపీ పనివారు చెన్నై, హైదరాబాద్‌ల దాకా, ఇంజినీరింగ్ చదివినవారు బెంగళూరు దాకా వలస పోతూనే ఉన్నారు. అందువల్ల ఊళ్లోనే ఉండి, పిల్లలనూ పెద్దలనూ చూసుకుంటూ, ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో నాలుగు డబ్బులు సంపాదించుకోవచ్చన్న మాట ఇక్కడ బలంగా పనిచేస్తుంది. ఆ బలాన్ని ఉద్యోగాలిచ్చే సంస్థల కన్నా ముందు మోసగాళ్లు పసిగట్టారు.

నిజమైన పని దొరకకపోవడానికి నాకు కనిపించే ప్రధాన కారణం, వెతుకులాటే తప్పు చోట మొదలవడం. ‘వర్క్ ఫ్రమ్ హోమ్’ అని వెతికేవారికి ఎదురయ్యేవి ఎక్కువగా ప్రకటనలే. ట్యాలీలో లెక్కలు రాయడం, చిన్న దుకాణాలకు జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడం, తెలుగులో కస్టమర్ సపోర్ట్, ఆన్‌లైన్ ట్యూషన్, ఆడియోను అక్షరాల్లోకి మార్చడం, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ వంటి ఫలానా పని పేరుతో వెతికితే, దానికి ఏ అర్హత కావాలో, ఏ పరీక్ష పెడతారో, ఎంత చెల్లిస్తారో తెలుస్తుంది. ఆ పని ఇంటి నుంచి చేయవచ్చా అన్నది తర్వాతి ప్రశ్న. పొందూరులో మహిళలు తరాలుగా వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, ఇంట్లోనే నూలు వడుకుతున్నారు. రాబడి స్వల్పమే అయినా అది ఇంటి నుంచి చేసే పనే. ఆ నేర్పు ఒక వారంలో పట్టుబడదు. ఏ నేర్పూ అక్కర్లేదని, రోజుకు రెండు గంటలు చాలని, వేలల్లో ఆదాయమని చెప్పే ప్రకటన ఏ పనిని గురించి చెబుతోందో ఆలోచించాలి.

డేటా ఎంట్రీ పేరుతో జరిగే మోసాన్ని కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో డబ్బుతో పాటు భయమూ ఉంది. కొన్ని వందల ఫారాలను కొద్ది రోజుల్లో, నూటికి తొంభై పాళ్లు తప్పుల్లేకుండా నింపాలంటారు. ఆధార్ ప్రతి, సంతకంతో ఒప్పందపత్రం ముందే తీసుకుంటారు. గడువు ముగిశాక పని నాణ్యత లేదని తేల్చి, సంస్థకు నష్టం కలిగించారంటూ లాయరు పేరుతో నోటీసు పంపుతారు. చెల్లించకపోతే పోలీసులు వస్తారని ఫోనులో బెదిరిస్తారు. ఇంట్లో చెప్పకుండా చేరిన గృహిణులు, డిగ్రీ విద్యార్థులు పరువు పోతుందన్న బెంగతో అప్పుచేసైనా కడుతున్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో జరిమానా ఎంతని రాసి ఉన్నా, ఆ పరిమితికి లోబడి సమంజసమైన పరిహారం మాత్రమే లభిస్తుంది. కేవలం పని సరిగా పూర్తిచేయకపోవడం సివిల్ వివాదమే. అందుకు ఎవరినీ అరెస్టు చేయరు.

టెలిగ్రామ్ ‘టాస్కు’ల తీరు వేరు. వీడియోలకు లైకులు కొట్టినందుకు, హోటళ్లకు రేటింగ్ ఇచ్చినందుకు తొలుత నూటయాభయ్యో రెండొందలో నిజంగానే ఖాతాలో పడతాయి. నమ్మకం కుదిరాక, ముందు డబ్బు కడితే లాభంతో తిరిగి వస్తుందంటారు. కట్టేకొద్దీ మొత్తం పెరుగుతుంది, తిరిగి రావడం ఆగిపోతుంది. చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. తొలుత వచ్చిన ఆ చిన్న మొత్తం మరో బాధితుడి ఖాతా నుంచి వచ్చి ఉండవచ్చు. అతడు ఎక్కడో ఫిర్యాదు చేస్తే ఇక్కడ మన ఖాతా స్తంభించిపోవచ్చు. కమీషన్ ఆశతో ఖాతాను ఇతరులకు వాడుకోనిస్తే నిందితుల జాబితాలో చేరినట్టే. మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. డబ్బును ఎంత త్వరగా ఆపగలిగితే తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ.

‘డబ్బు అడిగితే మోసమే’ అన్న సూత్రం దాదాపు ఎప్పుడూ నిజం, కానీ పూర్తిగా కాదు. విడివిడి పనులు వెతుక్కునే అప్‌వర్క్ వంటి ఆన్‌లైన్ వేదికలు దరఖాస్తులకు కొద్దిపాటి రుసుము తీసుకుంటాయి, సంపాదనలో వాటా కూడా మినహాయించుకుంటాయి. అయితే అవి పని ఇస్తామని హామీ ఇవ్వవు. ఉద్యోగం ఖాయం చేశామంటూ రిజిస్ట్రేషన్, శిక్షణ, ల్యాప్‌టాప్ డిపాజిట్ పేర్లతో అడిగేది వేరు. కంపెనీ పేరును కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగానే చూసుకోవచ్చు. అదొక్కటే చాలదు, మోసగాళ్లు పేరున్న కంపెనీల లోగోలనే అరువు తెచ్చుకుంటారు కనుక. వాట్సాప్‌లో వచ్చిన లింకును పక్కనపెట్టి, ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఆ ఉద్యోగం ఉందో లేదో చూడాలి.

నిజమైన పని దొరికినా ఇబ్బందులు తప్పవు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం పల్లెల్లో కరెంటు ఎన్ని రోజులు లేదో అక్కడివారికి గుర్తే. షిఫ్టు సమయంలో నెట్ పోతే జీతం కోసే సంస్థలున్నాయి; చేరేముందే దీని గురించి అడగడం మంచిది.

రాష్ట్ర ప్రభుత్వం 2025లో కౌశలం సర్వే పేరుతో గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది ద్వారా ఎవరు ఏం చదివారో, ఏ పని చేయగలరో వివరాలు సేకరించింది. వివరాలు ఇచ్చినవారు పిలుపు కోసం ఎదురుచూస్తారు. సరిగ్గా అప్పుడే ఆ పేరు వాడుకుని ఫోన్ చేసేవారు కూడా పుట్టుకొస్తారు. గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్, మహిళా పోలీసు వంటి పదవులున్నాయి. తన ఫోనుకు వచ్చిన ఉద్యోగ ప్రకటనను పట్టుకొచ్చిన మనిషికి, ఆ కంపెనీ, ఆ ఉద్యోగం నిజమైనవో కావో పది నిమిషాల్లో చూసిపెట్టే పని వారికి అప్పగిస్తే, చీపురుపల్లిలోనో టెక్కలిలోనో ఒక ఇల్లాలు లాయరు నోటీసు అందుకున్నాక కాకుండా, సంతకం పెట్టకముందే అక్కడికి వెళ్లగలదు.