పదిహేడో గుంటకి, మా రొయ్యల గుంట గట్టు మీద నుంచి

ఫ్లోరిడాలో టీపీసీ సాగ్రాస్ గోల్ఫ్ కోర్సులో నీళ్ళ నడుమ కాపురముండే 17వ హోలుకి, నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం నుంచి రాసేది ఏందంటే,

నీకు నేను గుర్తుండను. పోయినేడాది ఆఫీసోళ్ళతో వచ్చి వరసగా నాలుగు బంతులు నీ నీళ్ళలో వేసి, ఐదోది కూడా వేసి, వ్యూ బాగుందబ్బా అని నవ్వుకుంటా పోయినోణ్ణి. ఫీజు ఎంత కట్టానో ఇంట్లో ఇప్పటికీ చెప్పలా. మా దగ్గర గుంట అంటే రొయ్యల గుంట, హోలన్నా గుంటే కదా, అందుకని గుంటా అనే పిలుస్తా, ఏమనుకోబాక.

నీ బిల్డప్పే నాకర్థం కాదు. ఉండేది 137 గజాలు, ప్రోలకైతే వెడ్జో తొమ్మిదో నంబర్ ఐరనో, అంటే దగ్గరికి కొట్టే కర్ర, చాలు. గ్రీను, అదే జెండా చుట్టూ ఉండే నున్నటి పచ్చిక, 3,900 చదరపు అడుగులు చిల్లర, అంటే మా లెక్కలో 9 సెంట్లు. 9 సెంట్లలో ఇల్లు కట్టి ముందర వేపచెట్టు వేసి వెనక బర్రెని కట్టేసినా ఇంకా చోటు మిగుల్తది, అంత జాగాలో ఒక్క బంతిని నిలబెట్టలేక 2005లో బాబ్ ట్వే అనే ప్రో పెనాల్టీలతో కలిపి 12 దెబ్బలు కొట్టాడు, 2021లో బెన్ ఆన్ 11. మూడు కొడితే సరిపోయే చోట! 2007లో నీ దగ్గరే జరిగే ప్లేయర్స్ టోర్నీ మొదటిరోజు గాలి తోలిందని ఒక్క రోజులో 50 బంతులు మింగావు.

అసలు నువ్వు ప్లాన్లోనే లేవంట కదా. పీట్ డై కోర్సు కట్టేటప్పుడు నీ చుట్టుపక్కల ఇసక బాగుందని తవ్వి తవ్వి మిగతా హోళ్ళకి తోలుకున్నారు, చివరికి చూస్తే పెద్ద గొయ్యి, అప్పుడు ఆయన భార్య ఆలిస్ గారు దీన్ని దీవి చేసేయండి అన్నారంట. 1980లో కోర్సు తెరిచినప్పటి నుంచీ నీ వైభోగం. పెన్నా ఒడ్డున పుట్టినోళ్ళం, ఇసక తవ్వితే గొయ్యి మిగుల్తదని మాకు బాగా తెలుసు, ఆ గొయ్యి చూడ్డానికి జనం టికెట్ కొనుక్కోని వస్తారనేది మాత్రం మాకు తట్టలా.

నీ మీద స్ట్రాటజీ వీడియోలు రాత్రిళ్ళు కూర్చుని చూశా, అన్నిట్లో ఉండేది ఒకటే ముక్క. జెండా వైపు చూడబాక, గ్రీను నడుమకి కొట్టు, రెండు పుట్లు (బంతిని నేల మీద దొర్లించే దెబ్బలు) వేసి మూడు రాసుకోని 18కి పో. గాలి ఎదురొస్తే ఒక క్లబ్ ఎక్కువ, అంటే ఇంకాస్త దూరం పోయే కర్ర, తీసుకోని నిదానంగా కొట్టు. నీళ్ళలో పడిందా, ఒక పెనాల్టీ దెబ్బ వేసుకోని గమ్మున డ్రాప్ జోనుకి, అదే బంతి మళ్ళీ వేసుకోని కొట్టే చోటికి పో, దగ్గరవుద్ది, పౌరుషానికి మళ్ళీ టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) మీద నుంచి కొట్టబాక. (1999లో ఫ్రెడ్ కపుల్స్ అట్టానే టీ మీద నుంచి రెండోసారి కొడితే బంతి ఎగిరిపోయి సరాసరి జెండా కింద చిల్లులో పడి పార్, అదే ఆ మూడు, అయింది. ఆయన్ని చూసి ఎంతమంది మునిగారో, నాతో సహా.)

ఇదంతా తెలిసే టీ మీద నిలబడ్డా. కానీ ఆ జెండా కుడిపక్క అంచున, చిన్న బంకర్ (ఇసక గొయ్యి) అవతల, ఊగతా ఉంది. చెయ్యి అటే పోయింది.

మా నాయన గుంట 60 కౌంటుకి వచ్చినప్పుడు, అంటే కేజీకి 60 రొయ్యలు, కొనేవాడు వచ్చి గట్టు మీద నిలబడి రేటు చెప్పాడు. ఇంకో ఇరవై రోజులాగితే 40 కౌంటు వస్తది పోరా అని పంపించేశాడు నాయన. పన్నెండో రోజు తెల్లారి చెక్ ట్రే, అదే మేత తిన్నాయా లేదా చూసే పళ్ళెం, పైకి లాగితే రాత్రి వేసిన మేత వేసినట్టే ఉంది, ఒక్కటీ ముట్టలా. గట్టు పక్కన ఎర్రబడి తేలతా ఉండాయి రొయ్యలు. వైట్ స్పాట్ రోగం. నీళ్ళకి గాలి ఆడించే ఏరేటర్లు మాత్రం ఏమీ తెలీనట్టు తిరగతానే ఉండాయి, ఆపండ్రా అని కూడా ఎవరూ అనలా. ఐదో బంతి పోయాక నా మొహం కొలీగ్ తీసిన వీడియోలో చూశా, అచ్చు ఆరోజు నాయన మొహమే.

నీ గొప్పకి 2001లో టైగర్ వుడ్స్ వేసిన 60 అడుగుల పుట్ చూపిస్తారు. ఆయన ముందు నీళ్ళు దాటి దీవి మీద పడ్డాడు గదా తల్లీ, తర్వాతే గదా అద్భుతం! (మా ఊళ్ళో టైగరంటే తొంభైల్లో అప్పులు మిగిల్చిపోయిన రొయ్యలే.) పోనీ గ్రీను మీద పడితే గ్యారంటీనా అంటే అదీ లేదు, 1998లో స్టీవ్ లవరీ బంతిని ఒక సముద్రపు పిట్ట ముక్కున కరుచుకోని తీసకపోయి నీళ్ళలో పారేసింది. మేం కొంగలు రాకుండా గుంట మీద దారాలు కడతాం, నీకు ఆ మాత్రం ఖర్చు కూడా బరువైందా?

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ ఐరన్ ఒకటి కొనుక్కోని మా గట్టు మీదే ప్రాక్టీసు చేస్తా ఉండా. మొన్న బంతి ఒకటి చెక్ ట్రేలో వచ్చింది. నాయన దాన్ని కడిగి, అరచేతిలో తిప్పి చూసి, ఆ అమెరికా గుంటలో ఏడాదికి ఎన్ని పడతాయిరా అన్నాడు. లక్ష పైనే అంటారు, మనుషులు దిగి ఏరి మళ్ళీ అమ్ముకుంటారు అని చెప్పా. కాసేపు లెక్కేసుకున్నాడు.

"సీడు లేదు, మేత లేదు, కరెంటు బిల్లు లేదు, రోగం రాదు. లీజుకిస్తారేమో కనుక్కోరా అబ్బయా."

ఏ సంగతీ జాబు రాయగలవు.